పదో మనిషి

పడవ అనేదే లేని ఊళ్ళో పుట్టినవాణ్ణి పడవలు కొలవడానికి పంపారు. మాది పలమనేరు పక్కన ఒక పల్లె. మాకు నీళ్ళంటే బావిలో నీళ్ళే. మా నాయన బావులు తవ్వించే మేస్త్రి. ఎంత మట్టి బయటికి వచ్చిందో లెక్క కట్టే పని నాది. పదో తరగతితో చదువు ఆగింది గానీ కొలవడం ఆగలేదు. కంకర గుట్టలు, గడ్డివాములు, పాల ట్యాంకులు, సగం కట్టి వదిలేసిన గోడలు, ఇవన్నీ కొలిచాను. గుండ్రంగా ఉన్నదాన్ని ఎలా కొలవాలి, ఏటవాలుగా ఉన్నదాన్ని ఎలా కొలవాలి అని నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కొలవడం, తప్పని తేలితే మళ్ళీ కొలవడం. అంతే నా చదువు.

ఆ అలవాటే తిరుపతిలో ఒక ఆఫీసులో ఉద్యోగం ఇప్పించింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, పేరు కొలతల సహాయకుడు. యాభై దాటాక నడుము మొరాయించడంతో ఈ మధ్యే మానేశాను. అదే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీరు కొలిచినవాటిలో కష్టమైనది ఏది సార్?" అని అడుగుతారు. ఏ ఆనకట్టో, ఘాట్ రోడ్డు మలుపో చెబుతానని వాళ్ళ ఎదురుచూపు. నేను ఒక చెక్క పడవ అంటాను. వాళ్ళు మర్యాదకు "అవునా సార్" అంటారు. ఎందుకు కష్టమో చెప్పేలోగా వాళ్ళకు బస్సు వచ్చేస్తుంది. అందుకని రాసి పెడుతున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

తడ దగ్గర హైవే వదిలి తూర్పుకు పోతే పులికాట్ సరస్సు. సరస్సు అన్నారు కదా అని నేను చాలా లోతును ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే కంటికి ఆనినంత మేరా నీళ్ళే గానీ చాలాచోట్ల మోకాలి లోతు, కొన్నిచోట్ల నడుము లోతు. కింద కాలు దిగబడే బురద. నడుద్దామంటే బురద, ఈదుదామంటే లోతు లేదు. ఆ మధ్యలో ఒక దీవి. దీవి మనుషులకు బజారైనా, ఆసుపత్రి అయినా, హైస్కూలైనా ఇవతలి గట్టునే. ఇంజన్ పడవ పెడితే నాచు చుట్టుకుని ఫ్యాను ఆగిపోతుంది. అందుకే ఇప్పటికీ అక్కడ మనుషులు తిరిగేది అడుగు చదునుగా ఉండే చెక్క పడవల్లోనే. వాటికి తెడ్లు ఉండవు. పొడుగాటి వెదురు గెడను బురదలో గుచ్చి, దాని మీదికి ఒరిగి, పడవను ముందుకు తోస్తారు. పడవకు ఇద్దరు. ముందు నిలబడ్డవాళ్ళు లోతు చూసి దారి చెబుతారు. వెనక నిలబడ్డవాళ్ళు తోస్తారు.

మనుషులను ఎక్కించుకునే ప్రతి పడవకూ ఎంతమంది ఎక్కవచ్చో తేల్చాలి. పడవ అంచు నుంచి జానెడు కిందికి రెండు పక్కలా తెల్ల గీత కొట్టాలి. పక్కన అంకె రాయాలి. బరువు ఎక్కాక నీళ్ళు ఆ గీత దాటకూడదు. ఇదీ మా పని.

మేము ముగ్గురం. ఇంజినీరు తిరుపతి అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. నేను చెప్పిన అంకెను ఒకసారి పైకి అని, "మళ్ళీ చెప్పండి" అనేది. రెండోసారీ అదే అంకె వస్తేనే రాసేది. నాకు ఆ పద్ధతి నచ్చింది. మూడోవాడు పెయింటర్, గూడూరు మనిషి. పడవ అంటే తల తిరుగుతుందని వాళ్ళ ఊరి నిమ్మకాయలు జేబు నిండా వేసుకుని వచ్చేవాడు. అక్కడ అలలే లేవని రెండో రోజుకే తెలిసింది. అయినా నిమ్మకాయలు మానలేదు. అన్నంలోకి పిండుకునేవాడు.

మా లెక్కలో మనిషి అంటే ఇసుక మూట. మూటకు డెబ్బై కిలోలు. ఖాళీ పడవలో నడిపేవాళ్ళిద్దరినీ గెడలతో నిలబెట్టి, ఒక్కో మూటా పెడుతూ పోవాలి. మూట పడ్డప్పుడల్లా పడవ వేలి మందం కిందికి దిగుతుంది. నీళ్ళు గీతను ముట్టేదాకా ఎన్ని మూటలు పడితే అంతమంది మనుషులు. పడవ ఊగడం ఆగి, నీళ్ళు నిలబడ్డాకే నేను అంకె చెప్పేవాణ్ణి. ఆ ఆగడం కొందరికి విసుగు. పెయింటర్ ఆ సమయంలో బీడీ ముగించేవాడు.

ఇంకో నిబంధన ఉంది, కథంతా దానిమీదే. పది మూటలకు తగ్గితే అది మనుషుల పడవ కాదు. సరుకుల పడవ కింద రాయాలి. అలాంటి పడవలో గడ్డి, ఉప్పు, కట్టెలు, ఏమైనా వేసుకోవచ్చు. మనుషులను మాత్రం ఎక్కించకూడదు. పది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. అంకెలు ఎక్కడో ఒకచోట మొదలు కావాలి.

దీవి రేవులో మూడు నాలుగు పడవలయ్యాక ఒక పాత పడవ వంతు వచ్చింది. దాని యజమాని అరవైకి దగ్గరగా ఉన్న మనిషి. పొడుగు, దానికి తగ్గ ఒళ్ళు, గొంతు ఇంకా పెద్దది. రేవులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది ఆయనే. ఎదుటి మనిషిని చూసీ చూడగానే, "నువ్వు ముందుకు పో అబ్బా. నువ్వు నడిమి పలక మింద కూసో అక్కా, పక్కకు ఒరగొద్దు" అని సర్దేవాడు. ఆయన సర్దిన పడవ ఏ పక్కకూ వాలేది కాదు. ఆయన ముందు గెడ దగ్గర నిలబడి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటాడు. ఎవరి కూతురికి ఎక్కడ సంబంధం చూశారో, ఎవరి బర్రె ఈనిందో అన్నీ ఆ పడవలోనే తేలిపోయేవట. వెనక గెడ ఆయన భార్యది. సన్నటి మనిషి, మాట తక్కువ.

నడిపేవాళ్ళ బరువు కూడా రాసుకోవాలి కాబట్టి ఇద్దరినీ కాటా మీద నిలబెట్టాను. ఆయన డెబ్బై ఆరు. ఆమె నలభై తొమ్మిది.

"సూసినారా? నేను మీ మూట కన్నా బరువు" అన్నాడు ఆయన, గెలిచినట్టు.

"తిండి అట్ల తింటాడు సారూ, గెడ ఇట్ల ఏస్తాడు" అని ఆమె చిటికెన వేలు చూపించింది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు.

ఎనిమిది మూటలు పడ్డాయి. తొమ్మిదో మూటకు నీళ్ళు గీతను ముట్టీ ముట్టనట్టు నిలిచాయి. పదోది పెట్టించాను. గీత మునిగింది. తీయించి, మళ్ళీ పెట్టించాను. మళ్ళీ మునిగింది.

"తొమ్మిది" అన్నాను.

"మళ్ళీ చెప్పండి" అన్నది మా ఇంజినీరు.

"తొమ్మిదే మేడమ్."

ఆయనకు అది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "తొమ్మిదేంది సారూ? బడి పిల్లోళ్ళతో కలిపి పొద్దున పూట పదైదు మందిని ఏసుకోని పోతాండా. ఒక్కరోజన్నా నీళ్ళు లోపలికి వచ్చినాయేమో అడుగు ఈళ్ళని."

"పదిహేను మందిని వేసుకుంటున్నారనే మేము వచ్చింది" అన్నది ఇంజినీరు. కోపంగా అనలేదు.

పక్క పడవ వాడు, ఆయనకు వరసకు బావమరిది, అప్పటికే పన్నెండు రాయించుకుని ఉన్నాడు. "ఏం బావా, ఇంగ ఉప్పు మూటలు ఏసుకో. వాటికి కూసునే జాగా సెప్పే పనుండదు. తిరిగి నీతో మాట్లాడను గూడా మాట్లాడవు" అన్నాడు.

మీకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. ఆ రేవు చూస్తే అనిపించదు. మనుషుల పడవలు మెట్ల పక్కన కట్టుకుంటారు. సరుకుల పడవలకు అవతల, చేపలు కడిగే రొచ్చులో జాగా. ఆయన నాయన కాలం నుంచి ఆ పడవ తాడు మొదటి మెట్టు పక్క కొయ్యకే. తొమ్మిది అని రాస్తే మరుసటి రోజు పొద్దున ఆ తాడు విప్పుకుని రొచ్చులోకి పోవాలి. ఆ తర్వాత ఆ పడవలో మనిషి ఎక్కడు. ఎక్కితే వాళ్ళకూ ఇబ్బంది, ఆయనకూ ఇబ్బంది.

నేను పడవ లోపలికి దిగి పలకలు తట్టి చూశాను. చెక్క మెత్తగా, నల్లగా, నీళ్ళు పట్టి ఉంది. ఇదెందుకు ఇంత తడిగా ఉందని అడిగితే ఆయన భార్య చెప్పింది. పని లేనప్పుడు అక్కడ పడవను ఒడ్డున వదలరు. నిండా నీళ్ళు పోసి నీళ్ళలోనే ముంచి పెడతారు. చెక్క ఉబ్బి పలకల మధ్య సందులు పూడుకుంటాయి. దాన్ని పడవ నీళ్ళు తాగడం అంటారు. ఈ పడవను మేము వస్తున్నామని తెలిసి ముందు రోజే పైకి తీశారు.

"అన్నా, తాగిన పడవను కొలవొచ్చని రూల్లో ఉందా?" అన్నాడు పెయింటర్. వాడికి తప్ప ఎవరికీ నవ్వు రాలేదు.

పడవ యజమాని మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. "అయితే సారూ, తాగితే బరువు, ఎండితే తేలిక. అంతే కదా?"

"లెక్క ప్రకారం అంతే" అన్నాను.

"ఇంకొక్క తూరి కొలుస్తారా?"

ఇంజినీరు కాగితాలు చూసుకున్నది. ఒక పడవకు రెండోసారి కొలత అడిగే వీలుంది. దీవిలో ఇంకా చాలా పడవలున్నాయి, మేము మళ్ళీ రావాలి. "అప్పటిదాకా అంకె రాయను. సరే, రెండోసారి చూద్దాం" అన్నది.

మళ్ళీ వెళ్ళేసరికి ఎండలు ముదిరాయి. రేవులో దిగగానే ఒడ్డున ఇసుకలో ఆ పడవ బోర్లించి ఉంది. కింద నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఎత్తారు, గాలి ఆడడానికి. నల్లటి చెక్క బూడిద రంగుకు తిరిగింది. ఆయన దాని పక్కన పందిట్లో కూర్చుని, వడియాలకు కాపలా ఉన్నట్టు ఉన్నాడు. పడవలో మాకు తొడగమని ఇచ్చే నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒకటి వీపు వెనక దిండు అయింది.

ఆయన ఇన్నాళ్ళూ పడవ దించలేదు. ఎక్కేవాళ్ళు బావమరిది పడవలో పోతున్నారు. ఆయన భార్య చేపల గంప మోసుకుని మా పక్కనుంచి పోతూ ఆగింది.

"మీరే సెప్పండి సారూ. పడవను ఎండకేస్తారా ఎవురన్నా? దప్పికతో సస్తా ఉండాది. నోరు తెరిసింది సూడండి" అని పలకల మధ్య సందు చూపించింది. నా చిటికెన వేలి గోరు అందులోకి దూరింది.

"నువ్వు నోర్ముయ్ మే" అన్నాడు ఆయన. "సందులు నేను పత్తి కుక్కి, నూనె పూసినా. బరువు తగ్గిందా లేదా? అది మాట్లాడు."

"తగ్గింది. నీకు బుద్ధి గూడా తగ్గింది" అని ఆమె వెళ్ళిపోయింది.

పడవను నలుగురు ఎత్తి నీళ్ళలో పెట్టారు. మొదటిసారి ఆరుగురు పట్టారని పెయింటర్ గుర్తు చేశాడు. అది నీళ్ళ మీద బెండులా నిలబడింది. గీత నీళ్ళకు చాలా పైన ఉంది. ఆయన ముందు గెడతో, ఆమె వెనక గెడతో ఎక్కారు. నేను మూటలు పెట్టించాను. తొమ్మిదో మూటకు ఇంకా వేలెడు మిగిలింది. పదో మూట పడింది. గీత పైనే ఉంది.

"పది!" అని అరిచాడు ఆయన. రేవంతా వినబడేట్టు. "రాయండి సారూ అంకె. యాడ పెయింటు? ఏందబ్బా నిలబడి సూస్తాండావు, కలుపు!"

పెయింటర్ డబ్బా మూత తీశాడు. ఇంజినీరు నా వైపు చూసింది. నేను ఎప్పుడూ ఆగినట్టే ఆగాను. పడవ ఊగడం ఆగాలి. నీళ్ళు నిలబడాలి.

ఊగడం ఆగింది గానీ నీళ్ళు నిలబడలేదు. మూటల కింద గోనె తడిసి రంగు మారడం కనిపించింది. ముందు చివరి మూట, తర్వాత దాని పక్కది. పత్తి కుక్కిన సందుల్లోంచి సన్నగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. ఆయన కూడా చూశాడు. కాలి బొటనవేలితో ఒక సందును నొక్కి పెట్టి నిలబడ్డాడు.

"సెప్పండి సారూ. పది. ఇప్పుడు పదే కదా. సూడండి గీత."

నిజమే, ఆ క్షణంలో పదే. నేను చెబితే ఇంజినీరు మళ్ళీ చెప్పమనేది, నేను మళ్ళీ చెప్పేవాణ్ణి, పని అయిపోయేది. ఆయన గొంతులో మొదటిసారి బతిమాలడం వినిపించింది.

నేను ఆగాను. గీత నీళ్ళను ముట్టింది. తర్వాత మునిగింది.

"కారుతున్న పడవకు అంకె చెప్పలేను మేడమ్" అన్నాను. "పదీ కాదు, తొమ్మిదీ కాదు. ఇది కొలత కిందికి రాదు."

ఇంజినీరు కాసేపు ఆలోచించి, "అయితే రెండోసారి ఇంకా జరగనట్టే" అన్నది. రాసింది కూడా అలాగే. నేను ఆమెతో చేసిన పనిలో నాకు బాగా గుర్తున్న వాక్యం అది. ఎవరినీ గెలిపించలేదు, ఎవరినీ ఓడించలేదు.

ఆయన దిగి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. పడవను అక్కడే వదిలేశాడు. ఆమె వెనక గెడను బురదలో గుచ్చి, పడవను దానికి కట్టి, మూటలు మేము తీసుకున్నాక ఇంకొన్ని బిందెల నీళ్ళు తనే పోసింది. పడవ నెమ్మదిగా అడుక్కు దిగింది. "తాగు తల్లీ, తాగు" అన్నది, బర్రెతో అన్నట్టు.

చివరిసారి వెళ్ళినప్పుడు దీవిలో మిగిలింది ఆ ఒక్క పడవే. పైకి తీసి, నీళ్ళు తోడి, తుడిచి పెట్టారు. చెక్క మళ్ళీ నల్లగా ఉంది. సందులు మూసుకున్నాయి, గోరు దూరలేదు. అంకె ఎంత వస్తుందో రేవులో అందరికీ తెలుసు. అయినా చూడడానికి అందరూ వచ్చారు. ఆయన తాడు కొయ్యకు కట్టకుండా చేత్తో పట్టుకుని ఉన్నాడు. విప్పే పని లేకుండా చేసుకున్నట్టున్నాడు.

ఇద్దరూ ఎక్కారు. తొమ్మిది మూటలు. నీళ్ళు గీతను ముట్టీ ముట్టనట్టు నిలిచాయి. మొదటి రోజు ఎలా ఉందో అలాగే. ఒక్క చుక్క లోపలికి రాలేదు. పదో మూట గట్టు మీదే ఉంది. దాన్ని పెట్టమని చెప్పడానికి నాకు నోరు రాలేదు గానీ పద్ధతి పద్ధతే. పెట్టించాను. గీత మునిగింది.

"తొమ్మిది" అన్నాను.

"మళ్ళీ..." అని ఇంజినీరు అంటూ ఉండగానే వెనక గెడ దగ్గర నుంచి ఆమె అన్నది:

"మామా, నువ్వు దిగు."

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏంది?"

"దిగు అంటాండా. మూట దింపబాకండి సారూ. ఈయన దిగతాడు."

"నేను దిగితే ముందు గెడ ఎవురేస్తారు మే?"

"ముందు గెడతో నువ్వేసేదేముంది? మాట్లాడేది. అది గట్టు మింద నుంచి గూడా మాట్లాడొచ్చు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే నవ్వు వచ్చేలా లేదు. నేను లెక్క వేసుకున్నాను, వేయకుండా ఉండలేను కాబట్టి. ఆమె దిగి ఆయన ఉంటే తగ్గేది నలభై తొమ్మిది, పెరిగేది డెబ్బై. చాలదు. ఆయన దిగి ఆమె ఉంటే తగ్గేది డెబ్బై ఆరు. మూట డెబ్బై. చాలుతుంది, ఆరు కిలోలు మిగులుతాయి కూడా. ఆ పడవ మనుషుల పడవగా ఉండాలంటే ఒకే దారి ఉంది. ఆ దారిలో ఆయన లేడు.

అది నేను చెప్పాల్సిన అంకె కాదు. ఆమె కాటా మీద నిలబడ్డ రోజే లెక్క చూసుకున్నదో, అప్పటికప్పుడు తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన గెడను పడవలో పొడుగునా పడుకోబెట్టి, లుంగీ ఎత్తి కట్టి, నీళ్ళలోకి దిగాడు. మోకాలు దాటి తడిసింది. పడవ వేలి మందం పైకి లేచింది. గీత నీళ్ళలోంచి బయటికి వచ్చింది. పది మూటలు లోపలే ఉన్నాయి.

నేను నీళ్ళు నిలబడేదాకా ఆగాను. "పది" అన్నాను.

"మళ్ళీ చెప్పండి."

"పది మేడమ్."

"ఒక్కరే నడపడానికి రూల్లో వీలుంది" అన్నది ఇంజినీరు. "కానీ నడిపి చూపించాలమ్మా. బరువుతోనే. అదిగో, లోతు చూపించే ఆ కొయ్య దాకా పోయి రావాలి."

ఆమె కొంగు నడుముకు దోపుకుని గెడ గుచ్చింది. ఒంటి గెడతో పడవ ముక్కు పక్కకు తిరుగుతుందని నేను అనుకున్నాను. ఆమె గెడను ఒకసారి ఎడమ, ఒకసారి కుడి మార్చుకుంటూ తిన్నగా పోయింది. గట్టు మీద ఆయన అలవాటు కొద్దీ, "ఎడమకు, ఎడమకు! ఆడ దిబ్బ ఉండాది" అని అరుస్తున్నాడు. ఆమె అప్పటికే ఎడమకు తిప్పేసింది. రెండోసారి అరవబోయి మానుకున్నాడు. కొయ్య చుట్టూ తిరిగి వస్తున్నప్పుడు బావమరిది నెమ్మదిగా, "బావా, ఇన్నేండ్లూ తోసింది ఎవరో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

"నాకెప్పుడో తెలుసులే" అన్నాడు ఆయన. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.

పెయింటర్ పది వేశాడు. మామూలు కన్నా కాస్త పెద్దగా వేశాడని ఇంజినీరు కోప్పడింది గానీ చెరపమనలేదు. నడిపేవారు అన్నచోట ఆమె పేరు రాశాం. ఆయన తాడును మొదటి మెట్టు పక్క కొయ్యకే కట్టాడు. కట్టి, రెండుసార్లు లాగి చూశాడు.

ఆ మధ్యాహ్నం మేము తిరిగి రావాలి. ఆమె పడవే వరసలో ఉంది. మేము ముగ్గురం, చేపల గంపలవాళ్ళు, ఒక టీచరు, ఆసుపత్రికి పోయే ముసలాయన, మొత్తం తొమ్మిది మందిమి. ఆయన మెట్టు మీద నిలబడి ఎప్పటిలాగే సర్దాడు. "మేడమ్ నడిమి పలక. తాతా, నువ్వు ఆయమ్మ పక్కన. పెయింటరప్పా, నిమ్మకాయలు జేబులో ఉండాయా? అయితే నువ్వు మద్దెలో కూసో, ఒక పక్కకు వాలతాది." నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సారూ మూట కన్నా తక్కువే. ముందుకు" అన్నాడు.

అందరూ కూర్చున్నారు. ఆయన తాడు విప్పి పడవలో పడేశాడు. పడవను ఒక తోపు తోసి, ఎన్నేళ్ళ అలవాటో, ఒక కాలు ఎత్తి అంచు మీద పెట్టాడు. పెట్టి, ఆగిపోయాడు. కాలు తీసి మళ్ళీ నీళ్ళలో పెట్టుకున్నాడు. పడవ పోవడం లేదు. వెనక ఆమె గెడ బురదలో గుచ్చి ఆపింది.

"ఇంగొకరికి జాగా ఉండాది మామా" అన్నది.

ఆయన గట్టు వైపు చూశాడు, ఎవరైనా వస్తున్నారేమో అని.

"ఎవరూ లేరు. నువ్వే. రా."

"ఎక్కు బావా" అన్నాడు బావమరిది మెట్ల మీద నుంచి. "నువ్వు పదో మూటవి."

ఆయన ఎక్కాడు. ముందు పలక మీద నా పక్కన కూర్చున్నాడు. ఆ పడవలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు, చివరకు పలక అంచు పట్టుకున్నాడు. పడవ కదిలింది.

కొంత దూరం పోయాక నాకు మాత్రమే వినబడేట్టు అడిగాడు. "సారూ, ఇప్పుడు పదే కదా?"

"పదే."

"మొదట వచ్చినప్పుడు మా ఇద్దరితో తొమ్మిది."

"అవును."

"ఇప్పుడు గూడా మేమిద్దరం ఉండామే. తొమ్మిది మంది మీరు."

"అదే లెక్క. అప్పుడు మీరు నడిపేవాళ్ళలో ఒకరు. ఇప్పుడు ఎక్కినవాళ్ళలో ఒకరు."

ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. నవ్వుతాడో, తిడతాడో నాకు తెలియలేదు. రెండూ చేయలేదు. కాసేపటికి దూరంగా నీళ్ళ రంగు మారిన చోటు చూసి, చెయ్యి ఎత్తి, వెనక్కి తిరిగి, "మే, ఆడ..." అన్నాడు.

"ఎక్కినోళ్ళు మాట్లాడకుండా కూసోవాల" అన్నది ఆమె.

ఈసారి పడవంతా నవ్వింది. నవ్వులో ఆయన గొంతే పెద్దది. పడవ ఒకసారి ఊగి సర్దుకుంది. నేను అలవాటు కొద్దీ పక్కకు వంగి, ఊగడం ఆగేదాకా ఆగి చూశాను. నీళ్ళు గీతను ముట్టీ ముట్టనట్టు ఉన్నాయి.